రెండు కానాగంతలు

ముధోళ్, కర్ణాటక
నవంబరు 6

దొడ్డమ్మా,

నేను కీర్తిని. ఉత్తరం చూసి కంగారు పడకు, ఇక్కడ ఎవరికీ ఏమీ అవలేదు. నాయనమ్మ పోయిన దగ్గర్నుంచీ నాన్న మా ఇంట్లో ఫోన్లన్నిట్లోనూ నీ నంబరూ పెదనాన్న నంబరూ బ్లాక్ చేసి పెట్టేడు కదా. పోస్టుని బ్లాక్ చెయ్యడం ఆయనకి రాదు. అమ్మకి చెప్పే రాస్తన్నాను. "ఏటైనా రాసుకో, నాకేటీ తెలీదు" అంటూ కవరూ స్టాంపూ తనే తెచ్చిచ్చింది.

పనుండి రాస్తన్నాను. పని లేకపోయినా రాద్దును అనుకో. ఫిబ్రవరి ఆఖర్న మా స్కూల్లో సైన్సు ఎగ్జిబిషను. తొమ్మిదో తరగతిలో ఒక్కొక్కరూ ఇంటి దగ్గరే ఒక ప్రయోగం చేసి చూపించాలి. నేను ఈజిప్టు మమ్మీలు అని పేరిచ్చేసేను. మనిషి శవం కుళ్ళకుండా వాళ్ళు ఎలా ఉంచేవారో, అదే పద్ధతిలో ఒక చేపని ఉంచి చూపించాలి. పేరిచ్చేసేక గుర్తొచ్చింది, మా ఇల్లుగలావిడ గుడ్డు ఉడికిన వాసన వస్తేనే మెట్లెక్కి వచ్చి కిటికీలన్నీ తీయిస్తాదని. చేప తెస్తే మమ్మల్నే బయట పడేస్తాది.

అందుకని నువ్వు చెయ్యి దొడ్డమ్మా. నువ్వయితేనే చెయ్యగలవు. చారులో ఉప్పు కూడా చెంచాతో గీటు పెట్టి వేసేదానివి కదా. చేప లోపలివన్నీ తీసెయ్యాలి. తర్వాత తాటి కల్లుతో కడగాలి (నిజంగానే, వాళ్ళు అలాగే చేసేవారట). ఉప్పు, వంట సోడా, బట్టల సోడా కలిపి అందులో పూర్తిగా కప్పెట్టాలి. తడిస్తే ఆ పొడి మార్చాలి. నలభై రోజులయ్యేక తీసి, గుగ్గిలం రాసి, గుడ్డ పీలికలతో చుట్టాలి. మొదట ఎంత తూగిందో, ఆఖర్న ఎంత తూగిందో రాయాలి. రెండు చేపలు చెయ్యి. ఒకటి నువ్వు విప్పి చూసి ఎలా ఉందో రాయి. ఒకటి విప్పకుండా మా స్కూలు అడ్రసుకి పంపు.

నా తెలుగు ఇంకా బాగానే ఉందా? ఇక్కడ రాయడానికి ఎవరూ లేరు.

నీ
కీర్తి


చోడవరం
నవంబరు 17

కీర్తమ్మకి,

నీ ఉత్తరం అందింది. పోస్టుమేన్ "ఈ రోజుల్లో చేత్తో రాసిన కవరు" అని నాలుగు వైపులా తిప్పి చూసి ఇచ్చేడు. పొయ్యి మీద పప్పు ఉంది. పప్పు దించి చదివేను. మీ పెదనాన్న వచ్చేక ఆయనకి చదివి వినిపించేను. తర్వాత ఏ పనీ తోచక మళ్ళీ చదివేను. తెలుగు బాగానే ఉంది. ఒత్తులు మాత్రం ఇల్లు మారినప్పుడు అక్కడే ఎక్కడో పారేసుకున్నావు.

చేపలు తెచ్చేను. పూడిమడక నుంచి వచ్చే ఆమె దగ్గర రెండు కానాగంతలు తీసుకున్నాను, ఒక్క తూకంవే కావాలని ఏరించుకుని. "ఏటమ్మా, ఇద్దరికి రెండే చేపలా, కూరకి సాలవు" అంది. కూరకి కాదన్నాను. "మరి పెంచుకుంటావా?" అంది.

కల్లు దగ్గరే తంటా అయింది. మీ పెదనాన్న పుట్టి బుద్ధెరిగి కల్లు ముట్టలేదు. "మీ గుంట చదువుకి కావాలి, ఒక సీసాడు తెండి" అంటే చీడికాడ రోడ్డు వైపు తోటల్లోకి సైకిలు మీద వెళ్ళేరు. సీసా సంచిలో దాచుకోవాలని కూడా తెలీదు ఆయనకి. హేండిలుకి వేలాడదీసుకుని వీధంతా చూస్తండగా వచ్చేరు. ఎదురింటి అప్పలనరసమ్మ సాయంత్రం వచ్చి నా చెయ్యి పట్టుకుని, "తమ్ముడు దూరమైపోనాడన్న బెంగమ్మా అది, మెల్లగా మానిపించు" అని ఓదార్చి వెళ్ళింది. మూడు రోజులయింది, వీధిలో మగవాళ్ళు ఆయన్ని కొత్తగా గౌరవంగా పలకరిస్తన్నారు.

చేప బాగు చెయ్యడం నాకు నేర్పక్కర్లేదు కనక ఎప్పటిలాగే చేసేను. కల్లుతో కడిగి, తుడిచి, నువ్వు చెప్పిన పొడిలో కప్పెట్టేను. ఒక్కొక్కటి నూట అరవై గ్రాములు. డబ్బాలు మీ నాయనమ్మ గదిలో కిటికీ కింద పెట్టేను. పిల్లి అటు వెళ్ళదు.

పీలికలకి మెత్తటి పాత గుడ్డ కావాలి కదా. మీ నాయనమ్మ నేత చీర ఒకటి పెట్టెలోంచి తీసి, అంచు దగ్గర కత్తెర పెట్టేను. మనసొప్పలేదు. మళ్ళీ మడత పెట్టి, దిండు గలీబు చింపేను.

ఇంకొక్క మాట. వైశాఖంలో మీ నాయనమ్మ సంవత్సరీకం. మీ నాన్న రావాలి. కొడుకులిద్దరూ పక్కపక్కన కూర్చుని పిండం పెట్టాలి. మీ పెదనాన్న ఒక్కరే కూర్చుంటే నేను ఆ వంట చెయ్యలేను. ఈ మాట నువ్వు మీ నాన్నతో చెప్పక్కర్లేదు. నా మనసులో ఉన్నది రాసేను, అంతే. అశ్వినికి మోకాలు నొప్పి తగ్గిందా? ఆ నూనె వేడి చేసి రాయమను, చల్లది రాసి లాభం లేదు.

దొడ్డమ్మ


ముధోళ్
డిసెంబరు 2

దొడ్డమ్మా,

పెదనాన్నా, కల్లు సీసా, హేండిలూ! అమ్మ నవ్వి నవ్వి కూర మాడబెట్టింది. మోకాలు తగ్గిందట. తగ్గకపోయినా తగ్గిందనే రాయమంది.

ఇక్కడ చక్కెర మిల్లులో చెరుకు క్రషింగు మొదలైంది. నాన్నకి షిఫ్టులు. ఊరంతా చెరుకు పాకం వాసన. ఆ వాసన వచ్చినప్పుడల్లా మన వీధి చివర గానుగ షెడ్డు గుర్తొస్తాది. అక్కడ నువ్వు చెయ్యి పట్టుకుని నిలబెట్టి నాకు ఆకులో వేడి బెల్లం పెట్టించేదానివి. ఇక్కడ మిల్లు గేటు దగ్గర ఎవరూ ఏమీ పెట్టరు. లోపలికి పోనివ్వరు కూడా.

నీకు చెప్పాలా వద్దా అని ఆలోచించేను. చెప్పేస్తాను. మొన్న అన్నం తింటన్నప్పుడు నా ప్రయోగం గురించి నాన్నకి చెప్తన్నాను. మూడు వేల ఏళ్ళ కిందట పోయినవాళ్ళ ముఖాలు ఇప్పటికీ ఉన్నాయి నాన్నా, కనురెప్పలు కూడా ఉన్నాయి అని. నాన్న ముద్ద కంచంలో పడేసేడు. "వాళ్ళు మూడు వేల ఏళ్ళు ఉంచేరు. మా అమ్మని మా అన్నయ్య ఒక్క రోజు ఉంచలేకపోయేడు" అన్నాడు. చెయ్యి కడిగేసుకుని లేచిపోయేడు.

దొడ్డమ్మా, నేను చిన్నపిల్లని కాదు కదా ఇప్పుడు. అడుగుతన్నాను. నాయనమ్మ పొద్దున్న పోయింది. మేం ఆ క్షణమే బయల్దేరేం. మర్నాడు మధ్యాహ్నానికి వచ్చేసేవాళ్ళం. అద్దెకిచ్చే ఐసు పెట్టె చోడవరంలోనే దొరుకుతాది, పక్కవీధి తాతగారికి తెచ్చేరు, సెలవులకి వచ్చినప్పుడు నేను చూసేను. మరి నాయనమ్మకెందుకు తేలేదు? మేం దిగేసరికి వాకిలి కడిగేసి ఉంది. నాన్న చెప్పులు కూడా విప్పకుండా అక్కడే నిలబడిపోయేడు. అది నాకు ఇంకా కళ్ళలో ఉంది.

కోపం తెచ్చుకోకు.

కీర్తి


చోడవరం
డిసెంబరు 11

కీర్తికి,

ఉత్తరం అందింది. నువ్వడిగినది చదివేను. చేప గురించి రాస్తాను.

నిన్న పొడి మార్చడానికి డబ్బా తీసేను. తీసి, మూత చేత్తో పట్టుకుని అలాగే కూర్చుండిపోయేను. చేప ఎర్రగా ఉంది. మామూలు ఎరుపు కాదు, పెళ్ళికూతురి కాళ్ళకి పెట్టిన పారాణిలాగ. చుట్టూ పొడి కూడా ఎర్రబారింది. రెండో డబ్బా తీస్తే అదీ అంతే. రక్తం ఒక్క బొట్టు లేకుండా కడిగిన చేపలు. నెల్లాళ్ళ తర్వాత రక్తం ఎక్కడ నుంచి వస్తాది? మీ పెదనాన్నని పిలిచేను. ఆయన గుమ్మం దాటి లోపలికి రాలేదు. "అమ్మ గదిలో ఎందుకు పెట్టేవే ఇవన్నీ" అన్నారు.

వాసన మాత్రం లేదు. గట్టిపడుతోంది. బరువు సగానికి సగం తగ్గిపోయింది. కొత్త పొడి వేసి మళ్ళీ కప్పెట్టేను. తప్పు ఎక్కడ జరిగిందో మీ టీచరుగారిని అడిగి రాయి. నావల్ల నీ మార్కులు పోకూడదు.

చలి మొదలైంది. నీ స్వెట్టరు ఇక్కడే ఉండిపోయింది. నీకిప్పుడు చాలదు, అయినా ఎండలో వేసి మడత పెట్టేను.

దొడ్డమ్మ


ముధోళ్
డిసెంబరు 22

దొడ్డమ్మోయ్,

నువ్వు చేపకి పసుపు రాసేవు! అవునా కాదా? "ఎప్పటిలాగే చేసేను" అని రాసేవు చూడు, అక్కడే ఉంది అంతా. చేప కడిగితే నీ చెయ్యి దానంతట అదే పసుపు డబ్బా మీదకి పోతాది. పసుపు మీద సోడా పడితే ఎర్రబడుతుంది. పసుపులో సున్నం కలిపి నువ్వే పారాణి చేస్తావు కదా, ఇదీ అదే. మా సైన్సు మేడమ్ ఎగిరి గంతేసింది. ఈజిప్టు వాళ్ళకి రాని తప్పు మీ దొడ్డమ్మకి వచ్చింది, ఇదే ఎగ్జిబిషన్లో పెట్టు అంది. మార్కులు పోవు, పెరుగుతాయి.

ఇప్పుడు అసలు సంగతి విను. నీ ఉత్తరం నేను చదివి, బేగులో పెట్టి, ఎవరికీ చెప్పలేదు. టీచరుని అడగడం కూడా మర్నాడే. ఆ రోజు సాయంత్రం నాన్న షూ లేసు కట్టుకుంటూ, తనలో తనే నవ్వుకుని, "మా వదిన పసుపు పూసేసుంటాది" అన్నాడు. అమ్మా నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఆయనకెలా తెలుసు చేప ఎర్రబడిందని? కవరు తీసి చూస్తే అంచు గమ్ముతో మళ్ళీ అంటించి ఉంది. అమ్మ పని కాదు. అమ్మ అయితే అంటించే ఓపిక పెట్టుకోదు.

అంటే నీ ఉత్తరాలన్నీ నాన్న ముందు చదువుతన్నాడు. మిల్లు అడ్రసుకే వస్తన్నాయి కదా మన టపా. "మా వదిన" అన్నాడు దొడ్డమ్మా. ఇన్ని నెలల్లో ఆ మాట అనడం ఇదే.

నా ప్రశ్నకి నువ్వు జవాబివ్వలేదు. స్వెట్టరు గురించి రాసేవు.

కీర్తి


చోడవరం
జనవరి 9

కీర్తమ్మకి,

పసుపు రాసిన మాట నిజమే. ఎంత ఆలోచించినా రాసినట్టు జ్ఞాపకం రాలేదు గాని, రాయకుండా ఉండలేదని మాత్రం తెలుసు.

నలభై రోజులూ అయ్యేయి. ఒక చేపని గుగ్గిలం రాసి, పీలికలు చుట్టి, మాడుగుల హల్వా తెచ్చిన రేకు డబ్బా ఖాళీగా ఉంటే అందులో పడుకోబెట్టి, నీ స్కూలుకి పార్సిలు పంపేను. పోస్టాఫీసులో లోపల ఏముందన్నారు. చేప అంటే తీసుకోరేమోనని "పిల్ల ప్రయోగం" అన్నాను. రెండోది కూడా అలాగే చుట్టి, వారం ఆగి, నువ్వు చెప్పినట్టు విప్పి చూసేను. చూసినది ఉన్నదున్నట్టు రాస్తన్నాను.

కుళ్ళలేదు. వాసన లేదు, గుగ్గిలం వాసన తప్ప. నలభై ఆరు గ్రాములుంది. పొలుసులు ఉన్నాయి, తోక ఉంది, రెక్క విరగలేదు. నీ ప్రయోగం నెగ్గింది. ఆ మాట పెద్ద అక్షరాలతో రాసుకో.

అయితే కీర్తీ, నేను బజార్లో ఏరి తెచ్చిన చేప అది కాదు. దాని వీపు మీద నీలం చారలు ఎంత బాగున్నాయో నీకు రాయలేదు. అవి లేవు. కళ్ళ దగ్గర గుంటలున్నాయి. నోరు లోపలికి లాక్కుపోయి ఏదో అడగబోయి ఆగినట్టుంది. అంతా ఉంది, చేప లేదు. దాన్ని అరచేతిలో పెట్టుకుని మీ నాయనమ్మ మంచం మీద కూర్చుని ఒక మాట అనుకున్నాను. ఆ మాట నీకు చెప్తాను. ఈ ఉత్తరం నీకు రాస్తన్నాను. దారిలో ఎవరైనా చదివితే చదవనీ. మీ నాన్నకి చెప్పనని మీ పెదనాన్న నా చేత ఒట్టు వేయించుకున్నారు. నేను శంకరానికి చెప్పడం లేదు. నా కీర్తమ్మకి చేప గురించి రాస్తన్నాను.

పక్కవీధి తాతగారు పోయినప్పుడు, గల్ఫులో ఉన్న కొడుకు వచ్చేదాకా రెండు రోజులు ఐసు పెట్టెలో ఉంచేరు. మీ నాయనమ్మ చూడ్డానికి వెళ్ళి, వెంటనే తిరిగొచ్చేసింది. పెట్టె మోటారు రొద చేస్తందట. గాజు మీద నీటి తడి పట్టి ముఖం కనబడకపోతే ఎవరో తువ్వాలుతో తుడిచి చూస్తన్నారట. పిల్లలు గాజుకి ముక్కులు ఆనించి చూస్తన్నారట. ఆ రోజు నేను తలకి నూనె రాస్తంటే అంది.

"ఒసే రత్నం, నన్ను ఆ గాజు పెట్టిలో ఎట్టకండే. నాకు సలి. సంతలో బొమ్మనాగ అందరూ తొంగి సూసి, టీలు తాగి ఎల్తారు."

"మరి శంకరం అంత దూరం నుంచి రావద్దా అత్తా?" అన్నాను.

"ఆడు రాకముందే తీసీండి. ఆడు సూడ్లేడు. ఆల నాన్న పోయినప్పుడు మొకం సూసి, మూడు నెల్లు మాటాడ్లేదు గుంటడు. నువ్వే కదే ముద్దలెట్టి మనిషిని సేసేవు. ఎల్లొస్తానమ్మా అని బస్సెక్కినప్పుడు నన్ను ఎలగ సూసేడో, ఆడికి అలగే ఉండనీ."

నేను ఈ మాట మీ పెదనాన్నకి అదే రోజు చెప్పేను. వైశాఖంలో ఆ తెల్లవారుజామున మీ నాయనమ్మ పోతే, బంధువులంతా ఐసు పెట్టె తెమ్మన్నారు. ఆయన వద్దన్నారు. ఎందుకు వద్దంటన్నావని ఎవరు అడిగినా నోరు విప్పలేదు. మీ నాన్న ఫోన్లో ఏడుస్తూ "ఉంచన్నయ్యా, వచ్చేస్తన్నాను, ఉంచు" అంటంటే, ఈయన "ఆగలేంరా" అని ఫోను పెట్టేసేరు. పెట్టేసి, గోడ వైపు తిరిగి నిలబడిపోయేరు.

తర్వాత నేనే అన్నాను, అత్త చెప్పిందని శంకరానికి చెప్పండి, నిష్టూరం పోతాది అని. ఆయన అన్నది ఇది. "నువ్వు రాకముందే తీసుకుపొమ్మని అమ్మ అందిరా అని ఎలాగ చెప్తానే? అమ్మ తనని వద్దందని వాడు జన్మంతా అనుకుంటాడు. నన్ను తిట్టుకోనీ. నన్ను తిడితే వాడికి అమ్మ మిగుల్తాది."

కీర్తీ, ఇదే నేను చేపని పట్టుకుని అనుకున్నది. ఉంచితే ఇదే మిగులును. అత్తకి ఆ సంగతి ఈజిప్టు వాళ్ళకన్నా బాగా తెలుసు. మీ నాన్న దగ్గర ఆవిడ నవ్వుతూ బస్సుకి చెయ్యూపుతున్న ముఖమే ఉంది. మా ఎవరి దగ్గరా ఆ ముఖం లేదు.

వైశాఖానికి ఇంక నాలుగు నెలలే. సంవత్సరీకానికి రెండు పీటలూ వేస్తాను.

దొడ్డమ్మ


ముధోళ్
మార్చి 1

దొడ్డమ్మా,

నువ్వు జనవరిలో ఉత్తరం రాసేవా? రాసే ఉంటావు. అది నా చేతికి రాలేదు.

పార్సిలు అందింది. ముందు అది చెప్తాను. స్కూలు సెలవులో వచ్చిందని ప్యూను మా ఇంటికే తెచ్చిచ్చేడు. ఇల్లుగలావిడ హల్వా డబ్బా చూసి, "మీ ఊరి స్వీటా? నాకు ముక్క పెట్టలేదే!" అని చెయ్యి చాపింది. అమ్మకి ఏం చెయ్యాలో తెలీక "దేవుడికి పెట్టాలండీ ముందు" అంది. ఆవిడ డబ్బాకి దండం పెట్టి వెళ్ళింది. మేమిద్దరం తలుపేసుకుని నోళ్ళు నొక్కుకుని నవ్వేం.

ఎగ్జిబిషన్లో రెండో బహుమతి వచ్చింది. పీలికల్లో ఉన్న ఎర్ర చేప చుట్టూ జనమే. "తప్పు చేసినవారు: మా దొడ్డమ్మ, చోడవరం" అని అట్ట మీద రాసి పెట్టేను. కోపమొచ్చిందా?

విప్పిన చేప ఎలా ఉందో రాయాల్సిన పేజీ మాత్రం ఖాళీగా వదిలేసేను. ఎందుకంటే నీ ఉత్తరం నాన్న దగ్గరుంది. జనవరి నెల మధ్యలో ఒక రోజు డ్యూటీ నుంచి వచ్చి అన్నం తినలేదు. అమ్మ జ్వరమేమో అని నుదురు ముట్టుకుంటే చెయ్యి తోసెయ్యలేదు, అలాగే ఉంచుకున్నాడు. అప్పట్నుంచీ ఆయన చొక్కా జేబులో ఒక కవరు ఉంటోంది. చొక్కా మారిస్తే కవరు కూడా మారుతోంది. అమ్మ ఒకరోజు, "అది పిల్లది కదా, ఇచ్చీ" అంది. నాన్న "ఇంకా చదవడం అవలేదు" అన్నాడు. ఆరు వారాలయింది దొడ్డమ్మా.

నేను ఇంక అడగను. ఆ పేజీ ఖాళీగానే ఉంచుకుంటాను. కాని నువ్వు ఏం రాసేవో, దానివల్ల నాన్న వస్తాడో రాడో అని రోజూ ఆయన మొహం చూస్తన్నాను. నాకు మన వీధి చూడాలని ఉంది.

కీర్తి


ముధోళ్
మార్చి 23

వదినకి,

శంకరం నమస్కరించి రాయునది. నాకు ఉత్తరం రాయడం రాదు. స్కూలు రోజుల్లో నువ్వు చెప్పి రాయించినదే ఆఖరు.

నీ ఉత్తరాలు నేను చదువుతన్నానని నీకు తెలుసు. జనవరి ఉత్తరం నాకే రాసేవని నాకూ తెలుసు. చాలాసార్లు చదివేను. మొదట నాకు అమ్మ మీద కోపమొచ్చింది. తర్వాత అన్నయ్య మీద. నా వయసు నలభై దాటింది వదినా. నేను ఇంకా నాన్న ముఖం చూసి మాట పోయిన గుంటణ్ణేనా మీకు? నేను చూడగలనో లేనో నన్ను ఒక్కరూ అడగలేదు. మిల్లులో ఒకసారి బాయిలరు దగ్గర మనిషి కాలిపోతే నేనే చేతులతో ఎత్తేను. ఆ సంగతి అమ్మకి చెప్పలేదు. చెప్పి ఉంటే బాగుండును.

కాని నువ్వు ఒక్కటి పొరబడ్డావు. ముఖం చూడలేదని కాదు నా బాధ. నువ్వు చేప గురించి రాసినదంతా నిజమే, అది నాకు తగల్లేదు. నా బాధ ఇంకొకటి. నేను అశ్వినికి కూడా చెప్పలేదు.

పాడె మోసుకెళ్తన్నప్పుడు దారిలో దింపుడు కళ్లం దగ్గర దింపుతారు కదా. దింపి, కొడుకు చెవి దగ్గర నోరు పెట్టి మూడుసార్లు పిలుస్తాడు, ప్రాణం ఏ మూలనైనా ఉంటే పలుకుతుందని. అన్నయ్య పిలిచే ఉంటాడు. అన్నయ్య పిలిస్తే అమ్మ ఎప్పుడు పలికింది వదినా? నీకు తెలుసు. అన్నయ్య పదిసార్లు పిలిచినా "ఉండరా" అనేది. నేను వీధి మలుపులో కేకేస్తే లోపల నుంచి "వచ్చేడే" అనేది. నేను పిలిచి ఉంటే అనిపిస్తాది. మిల్లులో షిఫ్టు హారను మోగినప్పుడల్లా అనిపిస్తాది. పిచ్చి ఆలోచనే. చదువుకున్నవాణ్ణే. అయినా పోదు.

సంవత్సరీకానికి వస్తన్నాను. ఒక్కణ్ణే. కీర్తికి టెన్త్ క్లాసులు అప్పుడే మొదలెట్టేస్తన్నారు, అశ్విని దానికి తోడుండాలి. అన్నయ్యకి ముందు చెప్పకు. చెప్తే బస్సు స్టాండుకి వచ్చి నిలబడతాడు. నాకు నడిచి రావాలని ఉంది.

శంకరం


చోడవరం
మే 4

కీర్తమ్మకి,

మీ నాన్న నిన్న బయల్దేరేడు. ఈ ఉత్తరం కన్నా ముందే వస్తాడు. ఏం జరిగిందని నువ్వడిగితే "ఏం లేదమ్మా, అయింది" అంటాడు. అందుకని నేను రాస్తన్నాను.

తిథికి ముందు రోజు పొద్దున్న వచ్చేడు. మీ పెదనాన్న వాకిట్లో సైకిలు చైనుకి నూనె వేస్తన్నారు. తలెత్తి చూసి, నూనె చేతులతోనే లేచి నిలబడ్డారు. మీ నాన్న గేటు దగ్గరే ఆగిపోయేడు. వీళ్ళిద్దరూ అలా ఎంతసేపుంటారోనని నేను గుమ్మంలోకి వచ్చేను. ఆఖరికి మీ పెదనాన్న, "చిక్కిపోయేవేంట్రా" అన్నారు. మీ నాన్న, "నువ్వు కల్లు తాగుతన్నావట" అన్నాడు. ఎదురింటి అరుగు మీద అప్పలనరసమ్మ "హమ్మయ్య" అంది గట్టిగా.

మర్నాడు పీటల మీద ఇద్దరూ కూర్చున్నారు. పక్కపక్కనే. పిండాలు పెట్టేరు. కాకి కూడా ఆలస్యం చెయ్యలేదు. భోజనాలయి అందరూ వెళ్ళేక నేను ఆకులు తీస్తన్నాను. మీ నాన్న మీ పెదనాన్న ఎదురుగా వెళ్ళి నిలబడి, "అన్నయ్యా, అమ్మని ఎలాగ తీసుకెళ్ళేరో నాకు చూపించు" అన్నాడు.

మీ పెదనాన్న నా వైపు చూసేరు. ఆయన చూపు చూస్తే నేను రాసిన సంగతి తెలిసిపోయిందని నాకు అర్థమయింది. తువ్వాలు భుజం మీద వేసుకుని లేచేరు.

ఎండ మండిపోతోంది. ఇద్దరూ గుమ్మంలోంచి దిగేరు. నేను వెనకాల నడిచేను. ఆడవాళ్ళు రాకూడదని చెప్పడానికి అక్కడ ఎవరూ లేరు, పాడె కూడా లేదు. "ముందు కుడివైపు నేను పట్టేను. ఎడమవైపు గానుగ షెడ్డు ముసలాయన. నీ చోటు వెనకాల ఖాళీగా ఉంటే అప్పలనరసమ్మ కొడుకు శివాజీ పట్టేడు" అని చెప్తూ నడుస్తన్నారు. మీ నాన్న ఆ మాట వినగానే నడక ఆపి, రెండడుగులు వెనక్కి వచ్చి, ఆయనకి వెనకాల ఎడంగా నడవడం మొదలెట్టేడు. ఇద్దరి చేతులూ ఖాళీ. నడక మాత్రం బరువు మోసేవాళ్ళ నడక. కొట్లలో వాళ్ళు తల బయటికి పెట్టి చూసేరు. ఎవరూ పలకరించలేదు.

గానుగ షెడ్డు దాటేక మలుపులో మీ పెదనాన్న ఆగేరు. "ఇక్కడ దింపేం" అన్నారు.

మీ నాన్న రోడ్డు మీద మోకాళ్ళ మీద కూర్చున్నాడు. తారు కాలుతోంది, నా చెప్పుల్లోంచే తెలుస్తోంది. "తల ఎటు?" అన్నాడు. మీ పెదనాన్న చెయ్యి పెట్టి చూపించేరు. అక్కడికి వంగి, చెవి ఎక్కడుంటుందో అక్కడ నోరు పెట్టి పిలిచేడు. మొదటిసారి పిలిచినది నాకు వినబడలేదు. రెండోసారి "అమ్మా" అన్నాడు, నాకు వినబడింది. మూడోసారి, "అమ్మా, నేనే, శంకరాన్ని. వచ్చేనమ్మా" అని వీధి మలుపులో ఎలా కేకేసేవాడో అలాగే కేకేసేడు.

పిలిచి, లేవలేదు. వంగి వింటన్నాడు.

అంతలో ఇటుకల ట్రాక్టరు ఒకటి మలుపు తిరిగి హారను కొట్టుకుంటూ మీదకొచ్చింది. మీ పెదనాన్న రోడ్డు మధ్యకి వెళ్ళి రెండు చేతులూ అడ్డం పెట్టేరు. "ఏటి బాబూ, పక్కకి తప్పుకోండి, బట్టీకి టైమైపోతంది" అన్నాడు డ్రైవరు. "ఆగు" అన్నారు ఈయన. "ఎంతసేపు?" అన్నాడు వాడు. "వాడు లేచేదాకా" అన్నారు. డ్రైవరు కింద కూర్చున్న మీ నాన్నని చూసి ఇంజను ఆపేసేడు. వెనకాల ఆటో వచ్చింది, అదీ ఆగింది. కోటపాడు బస్సు కూడా ఆగింది. మీ పెదనాన్న చేతులు దించలేదు. ఆయన కళ్ళలోంచి నీళ్ళు కారుతన్నాయి, తుడుచుకోవాలంటే చెయ్యి దించాలి కదా, దించలేదు.

చాలాసేపటికి మీ నాన్న తనంతట తనే లేచేడు.

దొడ్డమ్మ